బాకీలు మరచిన కథ: గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో పాత్రలూ రాజకీయమూ

2019 మే 12న ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్‌లోని ఐదో ఎపిసోడ్ ప్రసారమైంది. నగరం లొంగిపోయిందని గంటలు మోగిన తర్వాత కూడా సింహాసనం కోసం పోరాడుతున్న డెనేరిస్ టార్గేరియన్ డ్రాగన్ వీపు మీద నుంచి రాజధాని కింగ్స్ లాండింగ్‌ను వీధి వీధినా తగలబెట్టింది. ఆనాడు రేగిన వాదన ఇప్పటికీ చల్లారలేదు. ఆఖరి సీజన్‌ను మళ్ళీ తీయాలంటూ పెట్టిన ఆన్‌లైన్ వినతిపత్రం మీద 15 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. 2011 ఏప్రిల్‌లో మొదలై ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లుగా సాగిన ఈ హెచ్‌బీఓ ధారావాహిక గురించి ఎక్కడ మాట వచ్చినా, చర్చ చివరికి ఆ గంటల దగ్గరికే చేరుతుంది.

వాదనలో రెండు పక్షాలున్నాయి. బానిసల సంకెళ్ళు తెంచిన మనిషిని రచయితలు ఒక్క ఎపిసోడ్‌లో పిచ్చిదాన్ని చేశారన్నది ఒక పక్షం. ఆమె మొదటి నుంచీ అలాంటిదేననీ, మనమే చూసీ చూడనట్టు ఊరుకున్నామనీ రెండో పక్షం. మొదటివారు ఆమె బానిసలను విడిపించిన యుంకై నగరం గోడల బయట అమ్మా అని పిలుస్తూ ఆమెను చేతుల మీద మోసిన జనాన్ని గుర్తుచేస్తే, రెండోవారు ఆమె గెలుచుకుని ఏలిన మీరీన్ నగరంలో శిలువ వేయించిన 163 మంది యజమానులనూ, మోకరిల్లనందుకు బూడిదైపోయిన టార్లీ తండ్రీకొడుకులనూ చూపిస్తారు. ఇరువైపులా సాక్ష్యాలు బలమైనవే, కానీ ఇద్దరూ వెతుకుతున్నది ఆమె మనసులోనే. ఈ కథలో మొదటి నాలుగైదు సీజన్ల పాటు పాత్రలను నడిపించింది మనస్తత్వం ఒక్కటే అయితే ఆ వెతుకులాట చాలేది. ఎవరు ఎవరికి ఎంత బాకీ, సైన్యానికి తిండి ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు ఎవరికి మాట ఇచ్చారు, ఆ మాట తప్పితే ఎవరి కొంప మునుగుతుంది అన్న లెక్క అప్పట్లో ప్రతి నిర్ణయం వెనుకా ఉండేది. ఆ లెక్క మెల్లమెల్లగా కథలోంచి జారిపోయింది. పాత్రలు తమవి కాని పనులు చేస్తున్నట్టు ప్రేక్షకులకు తోచడానికి మూలం అక్కడే ఉంది.

మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఉత్తర ప్రాంతపు ప్రభువు నెడ్ స్టార్క్ రాజుకు ప్రధాన సలహాదారుగా రాజధానిలో అడుగుపెట్టీ పెట్టగానే, ప్రయాణపు బట్టలైనా మార్చుకోకముందే మంత్రిమండలి సమావేశానికి పిలుపు వస్తుంది. అక్కడ నడుస్తున్న చర్చ అతని పేరిట రాజుగారు జరపదలచిన పోటీల ఖర్చు గురించి. విజేతకు 40 వేల బంగారు నాణేలు, రెండో స్థానంలో నిలిచినవాడికి 20 వేలు, విలుకాళ్ళలో మొదటివాడికి మరో 20 వేలు. ఖజానా అంత ఇచ్చుకోగలదా అని నెడ్ అడిగితే, సింహాసనం ఇప్పటికే 60 లక్షల అప్పులో ఉందనీ, అందులో సగం రాణి తండ్రి టైవిన్ లానిస్టర్‌కే బాకీ అనీ బయటపడుతుంది. డ్రాగన్లూ మంచు పిశాచాలూ తిరిగే కథలో రాజధాని రాజకీయాన్ని ప్రేక్షకుడికి పరిచయం చేసింది ఖాతా పుస్తకమే. రాజు రాబర్ట్ బరాతియన్ రాజ్యాన్ని సుత్తితో గెలుచుకున్నాడు గాని నడుపుతున్నది మామగారి సొమ్ముతో. రాణి సెర్సీ ధీమాకూ ఆమె కొడుకు జాఫ్రీ పొగరుకూ ఆ 30 లక్షలే దన్ను.

నెడ్‌కు అభిమానుల చర్చల్లో అమాయకుడన్న ముద్ర పడిపోయింది. ముద్ర పూర్తిగా తప్పు కాకపోయినా, చావుబతుకుల మధ్య ఉన్న రాజు చెబుతుండగా నెడ్ వీలునామా రాసే సన్నివేశాన్ని అది మరుగుపరుస్తుంది. ‘నా కొడుకు జాఫ్రీ’ అని రాజు నోట వచ్చిన చోట, జాఫ్రీ రాజుకు పుట్టినవాడు కాదని తెలిసిన నెడ్ కలం ‘నా న్యాయమైన వారసుడు’ అని రాస్తుంది. నీతికి నిలువెత్తు రూపమనిపించుకున్న మనిషి రాజశాసనంలో మాట మార్చాడు. తర్వాత సింహాసన మందిరంలో ఆ కాగితం సెర్సీ చేతికి వెళ్తుంది. ఇదేనా నీకు డాలు అని అడిగి ఆమె దాన్ని చింపి పారేస్తుంది. ఆ క్షణానికి నెడ్ తన దగ్గర మరో ఆధారం ఉందనుకున్నాడు: నగర రక్షక దళాన్ని తన వైపు తిప్పే పని ఖజానా చూసే మంత్రి లిటిల్‌ఫింగర్‌కు అప్పగించి ఉన్నాడు. ఆ దళం డబ్బుకు అమ్ముడయ్యేదని ఒప్పుకున్న మనిషి, ఎదుటి పక్షం దగ్గర తన కంటే ఎన్నో రెట్ల డబ్బు ఉందన్న సంగతిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. శత్రువుకు ముందే హెచ్చరిక పంపడం అతని తొందరపాటే; ఓటమి మాత్రం అంతకంటే మామూలు కారణంతో, జీతం ఇచ్చేవాడి మాటే కత్తి వింటుంది గనుక జరిగింది.

ఈ సంగతిని రెండో సీజన్ సిద్ధాంతంగా కూడా చర్చకు పెట్టింది. తెలిసిన రహస్యమే బలమన్న లిటిల్‌ఫింగర్ గొంతు మీద సెర్సీ తన భటుల చేత కత్తి పెట్టిస్తుంది. మరికొన్నాళ్ళకు గూఢచారుల అధిపతి వేరిస్, టైవిన్ చిన్న కొడుకు టిరియన్‌కు ఒక పొడుపుకథ వేస్తాడు: ఒక గదిలో రాజు, పూజారి, ధనవంతుడు ఉన్నారు, వారి ముందు ఒక కిరాయి సైనికుడు ఉన్నాడు, ముగ్గురిలో ప్రతివాడూ మిగిలిన ఇద్దరినీ చంపమంటాడు, సైనికుడు ఎవరి మాట వింటాడు? బలం ఎక్కడుందని మనుషులు నమ్ముతారో అక్కడే ఉంటుందన్నది వేరిస్ జవాబు. అభిమానులు తరచూ ఉదహరించేవి ఈ రెండు సన్నివేశాలే. కథ ఆచరణలో చూపించింది మాత్రం ఇంతకంటే మోటు నిజం. అదే సీజన్ ఆరో ఎపిసోడ్‌లో ఆకలితో ఉన్న రాజధాని జనం రాజపరివారం మీద తిరగబడతారు. జాఫ్రీ ముఖాన పేడ పడుతుంది, ప్రధాన అర్చకుణ్ణి జనం చీల్చేస్తారు. ఏ సిద్ధాంతమూ వాళ్ళను రెచ్చగొట్టలేదు; రొట్టె దొరకలేదు, అంతే. మూడో సీజన్‌కు వచ్చేసరికి అదే జనం జాఫ్రీకి కాబోయే రాణి మార్జరీ టైరెల్‌కు జేజేలు పలుకుతారు. ఆమె చిరునవ్వుకు అందులో వాటా ఉండవచ్చు గాని, పుట్టింటి నుంచి బళ్ళలో దిగిన ధాన్యానికి ఉన్నంత వాటా లేదు. ఆమె నాయనమ్మ ఒలెనా, ఈ యుద్ధానికి తమ కుటుంబం ఎంత గోధుమ, ఎంత బార్లీ, ఎన్ని పశువులు పంపిందో టిరియన్ ముందు ఏకరువు పెట్టే సన్నివేశం ఈ కథలోని ఏ కత్తియుద్ధానికీ తీసిపోదు.

నెడ్ పెద్ద కొడుకు రాబ్ స్టార్క్ ప్రేమ కోసం రాజ్యం పోగొట్టుకున్నాడని చెప్పుకోవడం పరిపాటి. పెళ్ళి తప్పిన మాట నిజమే. అయితే ఆ పెళ్ళి ఒక వంతెనకు కట్టిన సుంకం. నది దాటనిచ్చినందుకు వాల్డర్ ఫ్రే కూతుళ్ళలో ఒకరిని చేసుకుంటానని రాబ్ మాట ఇచ్చాడు, దాటాడు, యుద్ధాలు గెలిచాడు, సుంకం మాత్రం ఎగ్గొట్టాడు. అక్కడితో ఆగినా పరువు నష్టంతో బయటపడేవాడేమో. మూడో సీజన్‌లో బందీలైన ఇద్దరు లానిస్టర్ పిల్లలను చంపినందుకు తన సామంతుడు రికార్డ్ కార్‌స్టార్క్ తల తానే నరికాడు. ధర్మశాస్త్రం ప్రకారం సరైన తీర్పు, సైనికశాస్త్రం ప్రకారం ఆత్మహత్య. కార్‌స్టార్క్ మనుషులు మూటాముల్లే సర్దుకుని ఇంటిదారి పట్టారు. ఆ లోటు పూడ్చుకోవడానికి మనుషులు కావాలి, ఆ మనుషులు ఉన్నది తాను మాట తప్పిన ఇంట్లో. రెడ్ వెడ్డింగ్‌గా పేరుపడ్డ మారణకాండకు రాబ్ తన కాళ్ళతో నడిచి వెళ్ళింది అందుకే. గుమ్మంలో అతిథులకు రొట్టె, ఉప్పు పెడతారు. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టకూడదన్న మాట తెలుగువారికి కొత్త కాదు; కథ నడిచే వెస్టెరోస్ ఖండంలో ఆ కట్టు తిండి పెట్టినవాడికీ వర్తిస్తుంది. విందు మధ్యలో వాద్యాల పాట మారుతుంది, తలుపులు మూతపడతాయి, రాబ్ తల్లి కాట్లిన్ పక్కనున్న సామంతుడు రూస్ బోల్టన్ చేతి మీది వస్త్రం తొలగించి చూస్తే లోపల ఇనుప కవచం. కథకు మూలమైన నవలలు రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్, స్కాట్లాండ్ చరిత్రలో 1440 నాటి ‘బ్లాక్ డిన్నర్’నూ, 1692 నాటి గ్లెన్‌కో ఊచకోతనూ ఈ ఘట్టానికి ప్రేరణగా చెప్పారు. ఒకదానిలో విందుకు పిలిచినవారు అతిథులను చంపారు, రెండోదానిలో అతిథులే ఆశ్రయమిచ్చినవారిని చంపారు.

రెడ్ వెడ్డింగ్ వెనుక ఉన్న టైవిన్‌ను అభిమానుల్లో చాలామంది కథలోకెల్లా గొప్ప రాజనీతిజ్ఞుడిగా లెక్కిస్తారు. అతని తొలి సన్నివేశమే అలాంటి గౌరవం పుట్టించేది. గుడారంలో చచ్చిన దుప్పి తోలు ఒలుస్తూ, చేతులు నెత్తురోడుతుండగా, పెద్ద కొడుకు జేమీకి వంశగౌరవం గురించి పాఠం చెబుతాడు. దుప్పి బరాతియన్ల చిహ్నమని గుర్తున్నవారికి ఆ దృశ్యం రెండింతలు పలుకుతుంది. యుద్ధభూమిలో పదివేల మందిని చంపడం కంటే భోజనాల బల్ల దగ్గర డజను మందిని చంపడం ఎందుకు నీచమని తర్వాత అతను టిరియన్‌ను అడుగుతాడు. అంకెల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అయితే అతను ఖర్చుపెట్టింది డజను ప్రాణాలను మాత్రమే కాదు, శత్రువు ఇంట కూడా కూర్చుని మాట్లాడుకోవచ్చన్న భరోసాను. అది పోయాక ఎవరు సంధికి వస్తారు? ఫ్రే వంశం చివరికి ఒక విందులోనే విషం కలిసిన మద్యం తాగి కుప్పకూలిందన్నది కథ రాసిపెట్టుకున్న బాకీ. నాలుగో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో టైవిన్ కూతురికి ఇంకో రహస్యం చెబుతాడు: తమ గనుల్లో చివరిది మూడేళ్ళ కిందటే ఎండిపోయింది, బ్రావోస్ నగరంలోని ఐరన్ బ్యాంక్‌కు తామే పెద్ద మొత్తం అచ్చుకోవాలి. లానిస్టర్లు బాకీ ఉంచుకోరన్న నానుడే అప్పటికి ఆ ఇంటి మిగులు ఆస్తి. టైవిన్ గొప్పతనమంతా పరపతి మీద నెట్టుకొచ్చినదేనని తెలిశాక కూడా అతన్ని ఆదర్శ పాలకుడనడానికి కొంత మొండితనం కావాలి.

ఆ వెంటనే వచ్చే ఆరో ఎపిసోడ్‌లో రాబర్ట్ తమ్ముడు స్టానిస్ అదే బ్యాంకు గుమ్మం ఎక్కుతాడు. సింహాసనానికి తానే న్యాయమైన వారసుణ్ణని అతను మొదలుపెడితే, బ్యాంకు ప్రతినిధి అడిగేవి వేరు: సైనికులెంతమంది, ఓడలెన్ని, మీ ద్వీపంలో గోధుమ, బార్లీ, మాంసం ఏమాత్రం పండుతాయి? వంశవృక్షం అక్కడ చెల్లని నాణెం. చివరికి అతని అనుచరుడు దావోస్ తన తెగిన వేళ్ళు చూపించి, చేసిన తప్పుకు శిక్ష వేస్తూనే చేసిన మేలుకు ప్రతిఫలం కూడా ఇచ్చిన మనిషి స్టానిస్ అనీ, టైవిన్ పోయిన రోజున బాకీ చెల్లించేవాడు ఇతనొక్కడేననీ వాదించి అప్పు పుట్టిస్తాడు. ఒక మనిషి శీలం ఆర్థిక పూచీగా మారిన చోటు అది. పాత్రచిత్రణా రాజకీయమూ ఇంతగా ఒకటైన సన్నివేశం ఈ ధారావాహికలో మళ్ళీ అరుదు.

సరిగ్గా అదే ఎపిసోడ్‌లో, సముద్రానికి అవతల, డెనేరిస్ మీరీన్ దర్బారులో అర్జీలు వింటుంటుంది. మీరీన్ భాగం చాలామంది ప్రేక్షకులకు విసుగు పుట్టించిందన్నది తెలిసిన విషయమే. పడమటి వైపు ఓడ ఎక్కకుండా ఎందుకీ కాలయాపన అని ఆ రోజుల్లో సణుగుడు వినిపించేది. అయినా విముక్తికీ పాలనకూ మధ్య ఉన్న దూరం గురించి ఈ కథ అన్నిటికంటే నిజాయతీగా ఆలోచించింది అక్కడే. మొదట ఒక మేకల కాపరి వచ్చి గుడ్డమూటలోంచి కాలిన ఎముకలు కింద పరుస్తాడు. డ్రాగన్ అతని మందను తినేసింది. మూడింతలు పరిహారం ఇప్పిస్తానని ఆమె తేలిగ్గా తేల్చేస్తుంది. తర్వాత వచ్చిన హిజ్దార్ అనే కులీనుడు తన తండ్రి శవాన్ని శిలువ మీద నుంచి దించుకోనివ్వమని అడుగుతాడు. బానిస పిల్లలను శిలువ వేసినందుకు ప్రతిగా ఆమె చంపించిన 163 మందిలో ఆ తండ్రి ఒకడు. ఆ పిల్లల శిక్షను వ్యతిరేకించినవాడు కూడా అతనేనట. డెనేరిస్ ముఖంలో రంగు మారుతుంది. అంతలో ఇంకా రెండు వందల మందికి పైగా అర్జీదారులు బయట వేచి ఉన్నారని ఆమె అనువాదకురాలు మిస్సాండే చెబుతుంది.

సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒక ముసలి పంతులు వస్తాడు. బానిసగా ఉన్న రోజుల్లో యజమాని పిల్లలకు చదువు చెబుతూ ఆ ఇంట్లో గౌరవంగా బతికాడు, ఇప్పుడు స్వేచ్ఛ వచ్చాక వీధిలో పడ్డాడు. తనను తాను తిరిగి అమ్ముకోనివ్వమంటాడు. ఏడాదికి మించని ఒప్పందమైతే సరేనని ఆమె అంటే, యజమానులు దీన్ని అడ్డం పెట్టుకుంటారని సలహాదారు బారిస్టన్ హెచ్చరిస్తాడు. ఆ వెంటనే మరో తండ్రి తెచ్చిన మూటలో మేక ఎముకలు ఉండవు, మూడేళ్ళ కూతురివి ఉంటాయి. ఈసారి పరిహారం మాట ఎత్తడానికి నోరు రాదు; దొరికిన రెండు డ్రాగన్లనూ ఆమె తన చేతులతో నేలమాళిగలో గొలుసులకు కట్టేస్తుంది. ఐదో సీజన్‌లో విచారణ జరగవలసిన ఖైదీని చంపినందుకు మొస్సాడార్ అనే విముక్త బానిసకు మరణశిక్ష వేస్తే, నిన్నటి దాకా అమ్మా అన్న జనం పాముల్లా బుసకొడతారు. ఆ తర్వాత ఒక యజమానిని డ్రాగన్లకు ఆహారంగా వేసిన మనిషే, అదే ఎపిసోడ్‌లో దిగివచ్చి హిజ్దార్‌ను పెళ్ళి చేసుకోవడానికీ, మూసేయించిన మల్లరంగాలను తిరిగి తెరవడానికీ ఒప్పుకుంటుంది.

అంటే డెనేరిస్‌లో క్రూరత్వం ఎప్పుడూ ఉంది, రెండో పక్షం చెప్పేది నిజం. అయితే మీరీన్‌లో ఆ క్రూరత్వానికి ఎప్పుడూ జవాబు వచ్చేది: ఒక కొడుకు, ఒక కాపరి, బుసకొట్టే జనం. ఆ జవాబు విన్నాక ఆమె ఒక మెట్టు దిగేది. ఆమె స్వభావం అంటూ మనం తెలుసుకున్నది ఆ రెండూ కలిసినదే. వెస్టెరోస్‌కు వచ్చాక ఆమె గుమ్మంలో ఒక్క అర్జీదారుడూ కనిపించడు. ఆమె దిగిన డ్రాగన్‌స్టోన్ కోట మందిరానికి వచ్చేవాళ్ళంతా ప్రభువులూ రాయబారులే. మొదటి సగం మిగిలింది, రెండో సగాన్ని కథ తీసుకురాలేదు. ఆరో సీజన్ చివర కిరాయి సైనికుల నాయకుడు దారియోకు అప్పగించి వచ్చిన మీరీన్ ఏమైందన్న కబురు కూడా ఆ తర్వాత రాదు. మూడు సీజన్ల పాటు మోసిన బాధ్యత ఒక ఓడ ప్రయాణంతో ఖాతాలోంచి చెరిగిపోయింది.

జారుడు ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది ఏడో సీజన్ అంటారు. అంతకంటే ముందే, అందరూ మెచ్చిన ఎపిసోడ్‌లో మొదలైందనాలి. 2016 జూన్ 26న వచ్చిన ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో సెర్సీ బేలార్ ఆలయాన్ని వైల్డ్‌ఫైర్ అనే పేలుడు ద్రవంతో పేల్చేస్తుంది. పియానో మెట్ల మీద మెల్లగా నడిచే ఆ దృశ్యం సాంకేతికంగా ఈ ధారావాహికలో అత్యుత్తమమైనది, అందులో అనుమానం లేదు. కానీ పేలిపోయినవాటిని లెక్కించాలి. దేశపు ప్రధాన ఆలయం, జనంలో బలమైన పట్టున్న మతగురువు హై స్పారో, జనం ప్రేమించిన రాణి మార్జరీ, రాజధానికి తిండి పెట్టే వంశపు యజమాని, చుట్టుపక్కల నగరవాసులు. అంతకు ఏడాది ముందే ఇదే జనం ఇదే సెర్సీ మీద బురద చల్లుతూ కోట దాకా నడిపించారు. రొట్టె లేనందుకు అర్చకుణ్ణి చీల్చేసిన నగరం, గుడినే లేకుండా చేసిన మనిషికి కిరీటం పెడుతుంటే ఉలకదు పలకదు. పైగా ఏడో సీజన్ మూడో ఎపిసోడ్‌లో సెర్సీ పక్షాన ఉన్న ఐరన్ దీవుల రాజు యూరాన్ గ్రేజాయ్ బందీలను ఊరేగిస్తూ వస్తే ఆ వీధుల్లోనే కేరింతలు కొడుతుంది. సెర్సీ పాత్ర ఆ రోజు నుంచి చప్పబడిందని అభిమానులు అంటారు, ఎక్కువ సేపు మద్యం గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడిందని ఎగతాళి చేస్తారు. నిలబడక ఏం చేస్తుంది? ఆమెను ఎదిరించే శక్తులన్నీ కథలోంచి వెళ్ళిపోయాయి. భయపడవలసిన జనం లేరు, బతిమాలవలసిన మతం లేదు.

ఏడో సీజన్‌లో పాత అలవాటు అక్కడక్కడ తొంగిచూస్తుంది. లానిస్టర్ల కోట కాస్టర్లీ రాక్‌ను వదిలేసి, దాని గాదెలు ఖాళీ చేయించి, టైరెల్‌ల కోట హైగార్డెన్ బంగారంతో బ్యాంకు అప్పు తీర్చే ఎత్తుగడ అసలైన టైవిన్ వారసత్వమే. ఆ బాకీ తీరిన పరపతితో పిలిపించిన గోల్డెన్ కంపెనీ అనే కిరాయి సైన్యం మాత్రం చివరి సీజన్‌లో నగర ద్వారం ముందు నిమిషాల్లో బూడిదవుతుంది. అంత సైన్యం కోసం చేసిన ఏర్పాటంతా ఒక్క మంటతో తుడిచిపెట్టుకుపోయింది. మొదటి ఎపిసోడ్‌లో రాజధాని నుంచి వింటర్‌ఫెల్‌కు నెల రోజులుగా ప్రయాణిస్తున్నామని సెర్సీ విసుక్కుంటుంది. ఏడో సీజన్‌లో ఉత్తరపు గోడ అవతల చిక్కుకున్నవారి కబురు డ్రాగన్‌స్టోన్‌కు చేరి, డ్రాగన్లు అక్కడికి వచ్చి వాలడం ఒకే ఎపిసోడ్‌లో ముగుస్తుంది. దూరం పోయిన చోట తొందరపాటుకు శిక్ష పోతుంది, కబురు ఆలస్యమవడం వల్ల పుట్టే రాజకీయమూ పోతుంది. టిరియన్, వేరిస్‌ల తెలివి మందగించిందన్న ఫిర్యాదుకు ఇదే మూలం: వారి తెలివంతా అప్పులు, ధాన్యం, దూరం, పుకార్ల మీద పనిచేసే తెలివి. రేగల్ అనే డ్రాగన్‌ను యూరాన్ నౌకాదళం మాటు వేసి కూల్చిన ఎపిసోడ్ తర్వాత, డెనేరిస్ ఆ నౌకాదళం సంగతి ఒక విధంగా మరచిపోయిందని నిర్మాతల్లో ఒకరైన డేవిడ్ బెనియోఫ్ వివరణ ఇచ్చినప్పుడు అభిమానులు నవ్విపోయారు. శత్రువు ఓడలెన్ని అన్నది ఒకప్పుడు ఈ కథలో బ్యాంకు వాళ్ళు కూడా అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

గంటల దృశ్యాన్ని ఈ వెలుగులో చూస్తే చిక్కు మరోలా కనిపిస్తుంది. సలహాదారులు ద్రోహం చేశారు, స్నేహితురాలి తల తెగింది, ప్రేమించిన జాన్ స్నోయే సింహాసనానికి తన కంటే ముందున్నాడు; ఒక మనిషి తెగించడానికి ఇవి తక్కువ కారణాలేమీ కావు. లోటు నగరం వైపు ఉంది. చివరి సీజన్‌లో కింగ్స్ లాండింగ్ జనానికి డెనేరిస్ గురించి ఏ అభిప్రాయమూ లేదు. వాళ్ళు ఆమెను అసహ్యించుకుంటున్నారా, కోరుకుంటున్నారా, సెర్సీ కింద వాళ్ళ పొయ్యి వెలుగుతోందా? ఒక్క బజారు దృశ్యమైనా, మీరీన్‌లో వినిపించిన ఆ బుస లాంటిదొకటైనా ముందుగా ఉంటే, ఆమె తగలబెట్టింది తనను తిరస్కరించిన నగరాన్ని అయ్యేది. అప్పుడు అది భయంకరమైన రాజకీయ నిర్ణయంగా నిలిచేది. ఉన్నది ఉన్నట్టు చూస్తే ఆమె తగలబెట్టింది అరుపులు తప్ప మాట రాని గుంపును.

పాత లెక్కను చివరి వరకూ వదలని పాత్ర ఒకటుంది. ఎనిమిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో అందరూ విధేయతల గురించి, మృత సైన్యం గురించి మాట్లాడుకుంటుంటే నెడ్ కూతురు సాన్సా స్టార్క్ గాదెల సంగతి ఎత్తుతుంది. చలికాలం గడవడానికి సరిపడా ధాన్యం కూడబెట్టానుగాని, డెనేరిస్ సైన్యాలైన డోత్రాకీలనూ అన్‌సల్లీడ్‌లనూ రెండు డ్రాగన్లనూ లెక్కలో వేసుకోలేదనీ, ఇంతకూ డ్రాగన్లు ఏం తింటాయనీ అడుగుతుంది. వాటికి ఏం తినాలనిపిస్తే అది అన్నది డెనేరిస్ జవాబు. ఆ సంభాషణను ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఈర్ష్యగా కొట్టిపారేసినవారున్నారు. మీరీన్‌లో మేకల కాపరికి పరిహారం ఇప్పించి, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రిని చూసి డ్రాగన్లను కట్టేసిన మనిషి ఆ జవాబు చెప్పిందంటే, ఆ ఒక్క వాక్యంలో ఆమె ఎంత మారిందో గంటలకు నాలుగు ఎపిసోడ్ల ముందే బయటపడింది. రచయితలు దాన్ని ఛలోక్తిగా వదిలేయకుండా కథగా పెంచి ఉంటే వాదన ఇంత దాకా వచ్చేది కాదు.

డెనేరిస్ పోయాక ప్రభువులు జరిపిన చివరి సభలో నెడ్ కొడుకు బ్రాన్‌ను రాజుగా ఎన్నుకోవడం మీద కూడా ఎగతాళి చాలానే జరిగింది, అందులో కొంత అన్యాయం. ఎన్నిక ఆ లోకానికి కొత్తది కాదు. ఐరన్ దీవులవారు సభ పెట్టి రాజును ఎంచుకుంటారు. ఉత్తరపు గోడ కాపలాదారులు తమ అధిపతిని ఓట్లతో ఎన్నుకుంటారు. ఐదో సీజన్ రెండో ఎపిసోడ్‌లో, అంటే మొస్సాడార్ తల తెగిన ఎపిసోడ్‌లోనే, జాన్ స్నో పేరు ప్రతిపాదించి అలాంటి ఎన్నిక గెలిపించింది అతని మిత్రుడు శామ్‌వెల్ టార్లీ. రాజును ప్రజలందరూ ఎన్నుకుంటే ఏమని చివరి సభలో అడిగింది కూడా అతనే. కుక్కలకు కూడా ఓటిద్దామా అని ఒకరు, గుర్రాన్ని అడిగి చెబుతానని ఇంకొకరు నవ్వేస్తారు. దొంగలూ హంతకులూ ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకోవడం కళ్ళారా చూసిన మనిషి నోట వచ్చిన ఆ ప్రశ్నకు చాలా బరువుంది. కథ దాన్ని హాస్యం కింద ఖర్చు చేసింది. అంతకంటే పెద్ద లోటు ఐరన్ దీవుల నాయకురాలు యారా గ్రేజాయ్ మౌనం. తన దీవులకు స్వాతంత్ర్యం ఇస్తేనే డెనేరిస్ వెంట నడిచిన యారా, సాన్సా ఉత్తరాన్ని విడదీసుకుపోతుంటే కూర్చుని చూస్తుంది. ఆరో సీజన్‌లో ఆ మాట తీసుకున్నది ఆమేనన్న సంగతి సభలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

2022లో మొదలైన పూర్వగాథ ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ ఈ విమర్శలు విన్నదో లేదో గాని, రెండో సీజన్ నాటికి పాత లెక్క దగ్గరికే తిరిగి వచ్చింది. హత్యకు గురైన చిన్న యువరాజు శవాన్ని వీధుల్లో ఊరేగించి ఒటో హైటవర్ జనం సానుభూతి కూడగడతాడు; మనవడైన రాజు ఏగన్ ఆ కోపంలో నగరంలోని ఎలుకలు పట్టేవాళ్ళందరినీ ఉరితీయించి, కూడగట్టిన సానుభూతిని పూట తిరగకుండా పోగొడతాడు. ఒటో మండిపడటం మనవడి దుడుకుతనం మీద మాత్రమే కాదు, ఉరికంబాల కింద నిలబడి ఏడుస్తున్న ఆ కుటుంబాల మీద దృష్టి ఉంచి కూడా. సముద్రం మీద దిగ్బంధంతో రాజధానిలో తిండి కరువైనప్పుడు, సింహాసనం కోసం ఏగన్‌తో పోరాడుతున్న రెనీరా పక్షం తన జెండా గుర్తుతో ఆహారం నింపిన పడవలను రాత్రికి రాత్రి తీరానికి వదులుతుంది. జనం తిండి కోసం ఎగబడతారు, ఆ తోపులాట రాజభటుల మీద తిరుగుబాటుగా మారుతుంది, ఆలయానికి వెళ్ళిన ఏగన్ తల్లి అలిసెంట్, రాణి హెలీనాలు ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడతారు. ఆ ఎపిసోడ్‌లో రెనీరా ఒక్క డ్రాగన్‌ను కూడా నగరం మీదికి పంపలేదు.